వెనక లేని బడి

మొగలిపర్రు హైస్కూలునీ గోగులమిల్లి హైస్కూలునీ కలిపి ఒకే బడి చెయ్యాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది. ఎందుకు పుట్టిందో కింద ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. పుట్టాక మాత్రం దానికి బారసాల ఘనంగా చేసి, 'జ్ఞాన సంగమం' అని పేరు పెట్టారు.

పేరు బాగానే ఉంది గానీ ఆ రెండూళ్ళకీ క్షణం పడదు. మొగలిపర్రు వాళ్ళు రామకోవెలకి ఒక మైకు పెడితే, గోగులమిల్లి వాళ్ళు రెండు పెట్టి ఆ రెండూ మొగలిపర్రు వైపే తిప్పారు. వాళ్ళు వినాయకుణ్ణి డాబా ఎత్తున నిలబెడితే, వీళ్ళు కొబ్బరిచెట్టు ఎత్తున నిలబెట్టారు. నిమజ్జనానికి తీసుకెళ్ళబోతే కరెంటు తీగలు అడ్డొచ్చి, దీపావళి దాకా స్వామిని రోడ్డు మీదే ఉంచుకున్నారు. అలాంటి ఊళ్ళని పట్టుకుని 'మీ బడి వాళ్ళ ఊరికి పోతుంది' అంటే ఊరుకుంటారా? రెండూళ్ళూ ఒంటికాలి మీద లేచాయి.

అప్పుడు జిల్లా నుంచి ప్రత్యేకాధికారి సర్వోత్తమరావు గారు దిగారు. ఇస్త్రీ నలగని మనిషి. మాటని కూడా ఇస్త్రీ చేసి గానీ బయటికి వదలరు. ఆయన రెండూళ్ళ మధ్య పొలంలో షామియానా వేయించి సమగౌరవ సూత్రం ప్రకటించారు. ఏ బడీ ఏ బడిలోనూ కలవదు. ఏ ఊరి బడీ ఏ ఊరికీ పోదు. సరిగ్గా నడిమధ్యన కొత్త భవనం లేస్తుంది. అది మొగలిపర్రు నుంచి చూస్తే మొగలిపర్రు వైపు తిరిగి ఉంటుంది, గోగులమిల్లి నుంచి చూస్తే గోగులమిల్లి వైపు తిరిగి ఉంటుంది. రెండు ముఖద్వారాలు, రెండు ఆర్చీలు, రెండు జెండా దిమ్మలు, హెడ్మాస్టర్లకి రెండు గదులు.

మొగలిపర్రు ప్రెసిడెంటు బుల్లబ్బులు గారూ గోగులమిల్లి ప్రెసిడెంటు రాఘవమ్మ గారూ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకే విషయానికి చప్పట్లు కొట్టారు. ముందు ఆపినవాళ్ళు లోకువైపోతారని ఇద్దరూ ఆపలేదు. టీలు చల్లారిపోయేదాకా కొట్టారు.

ఆ చప్పట్ల మధ్య మొగలిపర్రు హెడ్మిస్ట్రెస్ గంటి సువర్చలకి ఒక అనుమానం వచ్చింది. ఆమె ఏళ్ళ తరబడి జీవశాస్త్రం చెప్పిన మనిషి. ఏ ప్రాణి బొమ్మ చూసినా లోపలికి పోయే దారీ బయటికి వచ్చే దారీ రెండూ చూడటం అలవాటైపోయింది. ప్లాను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి లేచి నిలబడింది.

"సార్, ఈ భవనానికి వెనక ఎక్కడండీ?"

సర్వోత్తమరావు గారు జాలిగా నవ్వారు. "అమ్మా, ఒక ముఖాన్ని ముందు అని నిర్ధారించిన మరుక్షణం రెండోది వెనక అవుతుంది. వెనక అయిన గ్రామ ప్రజానీకం మనస్తాపానికి గురవుతుంది. కావున సమగౌరవ ప్రాతిపదికన, ఈ ప్రాంగణంలో వెనక భాగాన్ని పూర్తిగా నిర్మూలించడం జరిగింది."

పోనీ పక్కలున్నాయా అని అడిగింది సువర్చల. తూర్పు గోడ కాలవగట్టుని ఆనుకుని ఉందనీ, గట్టు నీటిపారుదల శాఖ వారిదనీ చెప్పారు. పడమటి గోడ పక్క పెద్ద రోడ్డు. అది మంత్రిగారి కార్లు వెళ్ళే దారి కాబట్టి అక్కడ కంటికి నదురుగా లేనిదేదీ కట్టకూడదట. అలా పక్కలు కూడా అయిపోయాయి. గోగులమిల్లి హెడ్మాస్టరు కోదండపాణి ఆమె చీర కొంగుకి వినపడేంత మెల్లగా, 'కూర్చోండమ్మా, ఊళ్ళు శాంతించాయి, అది చాలు' అన్నారు. ఆయన ఎవరితోనూ విరోధం పెట్టుకోని మనిషి.

భవనం లేచింది. నిజం చెప్పొద్దూ, ఎటు చూసినా చూడముచ్చటగా ఉంది. అసలు చిక్కల్లా లోపలికి వెళ్ళాకే వచ్చింది. మనిషి బతుకులో సగం పెరట్లోనే గడుస్తుందని బడి తెరిచిన రోజున అందరికీ తెలిసొచ్చింది.

వంటగది ఎప్పుడూ వెనక కడతారు. నీళ్ళ ట్యాంకు, సైకిళ్ళ షెడ్డు, విరిగిన బల్లలు పడేసే కొట్టు, ఇవన్నీ వెనకే. వెనక లేదు కాబట్టి ఇవేవీ లేవు. మధ్యాహ్న భోజనం పాత బళ్ళలోనే వండి ఆటోల్లో తెచ్చేవారు. గతుకుల్లో సగం సాంబారు రోడ్డే తాగేది. సైకిళ్ళు ఎండకి పాడవుతాయని పిల్లలు తరగతి గదుల్లోకే తెచ్చుకున్నారు. ఎనిమిదో తరగతిలో హాజరు పిలిస్తే నోటితో పలకడం మానేసి సైకిలు బెల్లు కొట్టేవాళ్ళు. లెక్కల మాస్టారు ఆ మోతకి అలవాటు పడి, బెల్లు లేని పిల్లలకి ఆబ్సెంటు వేసేవారు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. సువర్చల కూడా నవ్వింది. నవ్వలేనిది ఒక్కటే, మరుగుదొడ్లు లేకపోవడం.

పాత బడిలో ఆడపిల్లల మరుగుదొడ్ల కోసం ఆమె తిరగని ఆఫీసు లేదు, నమస్కారం పెట్టని బంట్రోతు లేడు. చివరికి సాధించింది. గడియ పడే తలుపులు, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయిలు. ఆ ఏడాది నుంచే తొమ్మిదీ పదీ తరగతుల్లో ఆడపిల్లలు బడి మానడం ఆగిపోయింది. ఆవిడ తన ఉద్యోగంలో గొప్పగా చెప్పుకునేది ఏదైనా ఉంటే అదొక్కటే. ఇప్పుడు ఆ పాత బడిలో వంటగది తప్ప తక్కినవాటికి తాళం వేసి సంగమం బ్యానర్లు దాచుకుంటున్నారు. కొత్త బడిలో మగపిల్లలు కాలవగట్టు దిగువకి పోతున్నారు. ఆడపిల్లలు ఎక్కడికి పోతారు? నీళ్ళు తాగడం మానేశారు.

పదో తరగతి సులోచన ఒక రోజు ప్రార్థనలో నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది. చురుకైన పిల్ల. గుండె బొమ్మ వేస్తే నాలుగు గదులూ చూడకుండా వేస్తుంది. నీళ్ళు చల్లి కూర్చోబెడితే, ముందు రోజు నుంచీ సరిగ్గా గొంతు తడుపుకోలేదని ఒప్పుకుంది. సువర్చలకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మధ్యాహ్నమే కోదండపాణి మాస్టార్ని వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళింది.

సర్వోత్తమరావు గారు ఇంజనీర్లని పిలిపించి సమీక్ష పెట్టారు. మరుగుదొడ్లు కట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎస్టిమేటులో 'భవనం వెనక భాగమున' అని అచ్చై ఉంది, ఆ అచ్చు మార్చే అధికారం మాత్రం ఎవరికీ లేదు. ఓ ఇంజనీరు నడిమధ్య కడదామన్నాడు. అక్కడ సంగమ స్తూపం ఉంది. ఇంకొకాయన డాబా మీద కడదామన్నాడు. డాబా రెండూళ్ళకీ కనిపిస్తుంది, మెట్లెక్కే ప్రతి పిల్లా రెండూళ్ళ నోళ్ళలో పడుతుంది. మూడో ఆయన భూగర్భంలో అని మొదలెట్టి, అది వరి పొలం, అరికాలు లోతులో నీళ్ళున్నాయని గుర్తొచ్చి కూర్చున్నాడు. అందరూ తలలు పట్టుకున్నాక ప్రత్యేకాధికారి గారికే మెరుపు మెరిసింది.

"స్థిరమైన కట్టడానికే గదా దిశ ఉండేది? కదిలే దానికి ముందేమిటి, వెనకేమిటి? ఇందుమూలముగా సంచార సౌకర్య శకటాన్ని ప్రవేశపెడుతున్నాం."

వారం తిరక్కుండా ట్రాక్టరు తొట్టి మీద రేకుల గదులు బిగించి, పైన సీతాకోకచిలుకల బొమ్మలు వేసి పంపారు. పొద్దున మొగలిపర్రు వైపు, మధ్యాహ్నం గోగులమిల్లి వైపు నిలపమన్నారు. అన్నాలు తిన్నాక రద్దీ అంతా మా మొహమ్మీదేనా అని రాఘవమ్మ గారు పేచీ పెట్టారు. వేళలు తిరగేశారు. బుల్లబ్బులు గారు అదే పేచీ అవే మాటలతో పెట్టారు. గంటకొకసారి మార్చి చూశారు. ఏ గంట పెద్దది, ఏ గంట చిన్నదని తగువులొచ్చాయి. ఆఖరికి పైనుంచి తుది ఉత్తర్వు వచ్చింది. శకటం ఎక్కడ ఆగితే అది వెనక అయిపోతుంది కాబట్టి, బడి పనివేళల్లో శకటం అసలు ఆగకూడదు.

అది మొదలు శకటం బడి చుట్టూ ప్రదక్షిణం చేస్తూనే ఉండేది. మొగలిపర్రు ఆర్చీ ముందు నుంచి కాలవగట్టు మీదికి, అక్కణ్ణించి గోగులమిల్లి ఆర్చీ, రోడ్డు, మళ్ళీ మొదటికి. నడిచే బండి కట్టడం కాదు గనక నీటిపారుదల శాఖ వాళ్ళకీ అభ్యంతరం లేకపోయింది. డ్రిల్లు మాస్టారికి, పిల్లలకి పరుగెత్తి ఎక్కడం, దూకి దిగడం నేర్పమని ఆదేశం వచ్చింది. ఖోఖో ఆడే పిల్లలు ఎక్కగలిగారు. తక్కినవాళ్ళు వెంటపడి, రొప్పి, వెనక్కి వచ్చేవారు.

ఒకనాడు కోదండపాణి మాస్టారు ధైర్యం చేసి ఎక్కారు. లోపల గడియ బిగుసుకుపోయింది. ఆయన తలుపు బాదుతున్నా ట్రాక్టరు మోతలో ఎవరికీ వినబడలేదు. ఆగకూడదని ఉత్తర్వు ఉంది కాబట్టి డ్రైవరు ఆగలేదు. గాలి కిటికీలోంచి ఆయన చెయ్యి బయటపెట్టి ఊపితే, గట్టు మీద కూర్చున్న గోగులమిల్లి వాళ్ళు తమ హెడ్మాస్టరు ఊరేగుతున్నాడనుకుని లేచి నమస్కారాలు పెట్టారు. మొగలిపర్రు వాళ్ళకి అది కంటగింపై, తమ హెడ్మిస్ట్రెస్ని కూడా రేపు ఊరేగించాలన్నారు. సాయంత్రం బడి వదిలేసరికి మాస్టారు దిగారు. దిగాక కూడా కాసేపు గుండ్రంగానే నడిచారు.

శకటం పేరు మాత్రం మారుమోగిపోయింది. పక్క జిల్లాల నుంచి బృందాలొచ్చి దాని వెంట పరుగెత్తి అధ్యయనం చేశాయి. సర్వోత్తమరావు గారికి ఎవరో శాలువా కప్పారు.

ఆ శాలువా కప్పిన మర్నాడే సులోచన తల్లి సత్తెమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని టీసీ అడగడానికి వచ్చింది. సువర్చల తనకు తెలిసినవన్నీ చెప్పింది. పిల్ల తెలివైందని, నర్సింగో ఇంకోటో చదువుతుందని, పదో తరగతి పరీక్షలు ఈ ఏడాదేనని. సత్తెమ్మ అంతా ఓపిగ్గా వింది.

"మీరు సెప్పేవన్నీ నిజవేనండి మేడం గారు. కానండి, పిల్ల పొద్దున్న లేచింది మొదలు సందేళ దాకా సుక్క నీళ్ళు ముట్టదండి. ఆ తిరిగే బండెక్కమంటే, రోడ్డు మీద మగాళ్ళంతా సూత్తుంటే ఎలా ఎక్కుద్దండి? ఇలాగే ఉంటే మూత్రపిండాలు పోతాయన్నారండి డాక్టరు గారు. సదువు లేపోయినా బతుకుద్దండి నా పిల్ల."

సులోచన తల వంచుకుని సంచీ పట్టీ నలుపుతోంది. సువర్చలకి ఏడుపొచ్చింది. తను చెప్పిన జీవశాస్త్రమే తల్లి తిరిగి తనకి అప్పజెప్పింది, అందులో కొట్టేయడానికి ఒక్క మాట లేదు. వచ్చే వారం శనివారం దాకా ఆగమంది. అప్పటికి ఏమీ కాకపోతే టీసీ తన చేత్తో తనే రాసిస్తానంది.

ఆ సాయంత్రం బుల్లబ్బులు గారి రైసుమిల్లు కళ్ళంలో ఊరి పెద్దలు కూర్చుని ఉంటే వెళ్ళి, నిలబడే మాట్లాడింది. మన వైపు వెనక అని ఒప్పుకుని ఇచ్చేయండి, మరుగుదొడ్లు మన వైపు కట్టేస్తారు, అంది. కళ్ళం గగ్గోలెత్తిపోయింది. గోగులమిల్లికి మా వీపు చూపించమంటారా అని ఒకాయన, తాతల నాటి నుంచీ మేం ముందేనని ఇంకొకాయన. సువర్చల అందరూ అరిచి అలిసేదాకా ఆగింది.

"మీరు ముందుండటానికి మీ ఆడపిల్లలు దాహంతో ఉంటున్నారండీ. బుల్లబ్బులు గారూ, మీ మనవరాలు తొమ్మిదో తరగతి. ఇంటికెళ్ళి అడగండి."

ఆయన ఇల్లు మిల్లు పక్కనే. కండువా దులుపుకుంటూ విసురుగా వెళ్ళారు. వచ్చేటప్పుడు ఆ విసురు లేదు.

"వెనకేనండి. మేవే వెనక. ఎవడేవనుకుంటే అనుకోనీండి," అన్నారు.

ఆ రాత్రి సువర్చల కడుపునిండా అన్నం తింది. సగం పనైందనుకుంది. మిగతా సగం గోగులమిల్లి వాళ్ళు చేసి పెడతారని ఆమె కూడా ఊహించలేదు.

తెల్లారేసరికి కబురు పక్క ఊరికి పాకింది. గెలిచామని వాళ్ళు టపాసులు కాల్చబోయారు. అగ్గిపెట్టె తీసినవాణ్ణి రాఘవమ్మ గారు ఆపారు.

"ఉండండెహె. బుల్లబ్బులు ఊరికే ఒప్పుకున్నాడంటే నేన్నమ్మను. ఆడి గోడ మీద కాకి వాలితే అద్దె అడిగే మనిషి. ఆ వెనకలో ఏవుందో సూడండి ముందు."

చూశారు. వెనక వైపుకి మరుగుదొడ్లొస్తున్నాయి. వాటికి నీళ్ళ ట్యాంకు, ట్యాంకుకి బోరు. వంటగది, అందులో వంటమనుషుల ఉద్యోగాలు. సైకిళ్ళ షెడ్డు. మరి ముందు వైపుకి ఏమొస్తోంది? ఆర్చీ ఉంది. ఆర్చీ కింద మేక కట్టేసుకోవచ్చు, అంతకుమించి ఎవరికీ ఏమీ తోచలేదు. ఎంత దగా అని ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి జిల్లా ఆఫీసు ముందు కూర్చుంది. 'వెనక మాదే' అని రాసిన అట్టలు పట్టుకుంది. తమ వెనక తన్నుకుపోతున్నారని తెలిసి మొగలిపర్రు కూడా వచ్చి వాళ్ళ ఎదురుగా కూర్చుంది. వెనకపడటంలో ముందు మేమే ఉన్నామని బుల్లబ్బులు గారు మైకులో చెప్పారు.

సర్వోత్తమరావు గారికి ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి ఇబ్బంది రాలేదు. ముందుండాలని కొట్టుకునేవాళ్ళని ఎలా సర్దాలో ఆయనకి శిక్షణ ఇచ్చారు గానీ, ఇది ఆ పాఠంలో లేదు. కానీ సూత్రం సూత్రమే. మేడ మీది వసారాలోకి వచ్చి చెయ్యెత్తారు.

"ఉభయ గ్రామాల మనోభావాలనూ పరిగణనలోకి తీసుకొని, రెండు ముఖాలనూ వెనక భాగాలుగా గుర్తిస్తున్నాం. తదనుగుణంగా, ముందు భాగాన్ని పూర్తిగా నిర్మూలిస్తున్నాం."

చప్పట్లు మళ్ళీ ఎవరూ ఆపలేదు. జనం వెనకాల నిలబడ్డ సువర్చల కూడా చేతులు మండేదాకా కొట్టింది.

పనులు మొదలయ్యాయి. కాంట్రాక్టరు కూలీల కోసం చూడకుండా రెండూళ్ళ వాళ్ళూ పారలు పట్టుకుని దిగారు. ఎవరి వెనక ముందు పూర్తవుతుందన్నది పరువు సమస్య అయింది. మొగలిపర్రు గోతులు తవ్వితే గోగులమిల్లి సిమెంటు వరలు దించేసింది. వీళ్ళు నీలం టైల్సు వేస్తే వాళ్ళు నీలం టైల్సుతో పాటు అద్దాలు బిగించారు. వీళ్ళు అద్దాలు తెచ్చి పైన ఫ్యాను వేశారు. రాఘవమ్మ గారు ఏసీ గురించి వాకబు చేశారని వినికిడి. శనివారం సత్తెమ్మ వచ్చేసరికి ఆడపిల్లల గదులు రెండు వైపులా తలుపులతో సహా నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక తలుపు తోసి లోపలికెళ్ళి, గడియ వేసి తీసి, కుళాయి తిప్పి చూసింది. బయటికొచ్చి టీసీ మాటెత్తకుండా, పిల్లని తరగతిలోకి వెళ్ళమని కళ్ళతోనే చెప్పి వెళ్ళిపోయింది. సువర్చల ఆఫీసు గదిలోకెళ్ళి తలుపేసుకుని, తనివితీరా ఏడ్చింది.

ఆ ఆఫీసు గది కూడా ఆ మర్నాడే పోయింది. హెడ్మాస్టరు గది భవనం ముందు భాగంలో ఉండాలన్నది నియమం. ముందు లేదు కాబట్టి గదులు రెండూ రద్దు చేసి విరిగిన బల్లల కొట్లు చేశారు. ఆర్చీలు కూలగొట్టారు. జెండాలు డాబా ఎక్కాయి. శకటాన్ని మ్యూజియం వాళ్ళు పట్టుకుపోయారు. ఇద్దరు హెడ్లూ కుర్చీలు పట్టుకుని చెరో తరగతిలో కూర్చున్నారు.

ఇక ప్రారంభోత్సవం. మంత్రిగారి వేళ దొరికింది, శిలాఫలకం చెక్కించారు, దండలకి చెప్పారు. అప్పుడు ప్రోటోకాల్ అధికారి వచ్చి, మంత్రిగారు ఎటునుంచి లోపలికి వస్తారని అడిగాడు. మంత్రిగారిని వెనక నుంచి తీసుకురావడం కుదరదు. శిలాఫలకం వెనక పెట్టడం అంతకన్నా కుదరదు. సర్వోత్తమరావు గారు జీపులో వచ్చి బడిని నాలుగు వైపులా పరికించి, చెమట తుడుచుకుని, ప్రారంభోత్సవం వాయిదా వేసి వెళ్ళారు.

అంతటితో ఆగితే అది ఆఫీసు ఎందుకవుతుంది? ప్రారంభం కాని బడిని తనిఖీ చెయ్యడం ఎలా అని ఎవరికో సందేహం వచ్చింది. తనిఖీ అధికారులు ముఖద్వారం గుండానే ప్రవేశించాలన్న నిబంధన బయటపడింది. శిక్షణ తరగతులు, వారోత్సవాలు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు, ఫొటోలు తీసి పంపించే కార్యక్రమాలు, అన్నిటికీ బ్యానరు భవనం ముందు కట్టాలని ఉంది. చివరికి, ముందు భాగం గుర్తించబడేవరకు జ్ఞాన సంగమంలో ఏ కార్యక్రమమూ నిర్వహించరాదని నోటి మాటగా చెప్పి ఫోను పెట్టేశారు.

మొదటి వారం మాస్టార్లు దిక్కుతోచక వరండాలో తిరిగారు. రెండో వారానికి చేసే పని ఇంకేమీ కనబడక పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. పిల్లలు మొదట కంగారు పడ్డారు గానీ త్వరగానే అలవాటు పడ్డారు. లెక్కల మాస్టారు అర్ధసంవత్సర పరీక్షలకి ముందే పుస్తకం పూర్తి చేసి, ఇంకేం చెయ్యాలో తెలియక మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. సులోచన మూత్రపిండం బొమ్మ బోర్డు మీద ఎంత చక్కగా వేసిందంటే, దాన్ని తుడవడానికి సువర్చలకి చేతులు రాలేదు.

ఒక మధ్యాహ్నం కోదండపాణి మాస్టారు దిగులుగా ఆమె తరగతి గుమ్మంలోకి వచ్చారు. ఇదంతా బాగానే ఉంది గానీ, ఎప్పుడో ఒకప్పుడు పైనుంచి ఎవరో ఒకరు వచ్చి ఆ ముందేదో కనిపెట్టేస్తే మన గతేంటమ్మా అని అడిగారు.

సువర్చల సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

"కనిపెట్టాలంటే లోపలికి రావాలండీ మాస్టారు. లోపలికి రావాలంటే వాళ్ళకి ముందంటూ ఒకటుండాలి," అని, పిల్లల్ని తరవాతి పేజీ తియ్యమంది.